ఖాకీ వదిలిన అనుభవం.. నిందితుడికి అండ కాగలదా?

* దర్యాప్తు లోతుపాతులు తెలిసిన విశ్రాంత పోలీసు అధికారులు
* డిఫెన్స్ పక్షాన పరిశోధకులుగా పనికొచ్చే అవకాశం
* 30 రోజుల్లో చెరిగిపోయే దృశ్యాలు.. నెలల తర్వాత అందే అభియోగపత్రం
* చట్టంలో లేని గుర్తింపు.. పేద నిందితులకు దక్కని సాయం

కాచిగూడ: ఎస్సై, కానిస్టేబుల్ కొలువుల కోసం అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లో ఏటా వేలాది మంది యువకులు కుస్తీ పడుతుంటారు. అక్కడికి కూతవేటు దూరంలోనే చిక్కడపల్లి, నారాయణగూడ, కాచిగూడ పోలీసుస్టేషన్లు ఉన్నాయి. ఖాకీ దుస్తులు వేసుకునే దారి గురించి ఈ వీధుల్లో నిత్యం చర్చ జరుగుతుంది. మూడు దశాబ్దాలకు పైగా సేవ చేసి ఆ దుస్తులు విప్పిన తర్వాత, నేరం జరిగిన చోటును చదివే ఆ నేర్పు ఎవరికి ఉపయోగపడుతోందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. తెలంగాణలో పదవీ విరమణ వయసును 2021లో 58 నుంచి 61 ఏళ్లకు పెంచారు. ఆ వయసులో బయటకు వచ్చే అధికారుల్లో కొందరు భద్రతా సంస్థల్లో చేరుతున్నారు. న్యాయశాస్త్ర పట్టా ఉన్నవారు నల్లకోటు ధరిస్తున్నారు. 45 ఏళ్లు దాటినవారు న్యాయవాదులుగా నమోదు కారాదన్న బార్ కౌన్సిల్ నిబంధనను సుప్రీంకోర్టు 1995లో కొట్టివేయడంతో వారికి ఆ వెసులుబాటు దక్కింది.

ఈ రెండింటికీ నడుమ మూడో దారి ఒకటుంది. నిందితుడి న్యాయవాది వద్ద పరిశోధకుడిగా పనిచేయడమే ఆ దారి. అమెరికాలో ఇది స్థిరపడిన వృత్తి. ఇక్కడ దానికి పేరు లేదు, పదవి లేదు, నియమావళి లేదు. అవసరం మాత్రం ప్రతి కేసులోనూ ఉంది.

చిక్కడపల్లి కేసు చెప్పిన పాఠం

2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ వద్ద ‘పుష్ప-2’ ప్రీమియర్ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. చిక్కడపల్లి పోలీసులు కేసు నమోదు చేశారు. సినీనటుడు అల్లు అర్జున్‌ను డిసెంబరు 13న అరెస్టు చేయగా నాంపల్లి న్యాయస్థానం రిమాండు విధించింది. అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. 2025 జనవరి 3న నాంపల్లి న్యాయస్థానంలో ఆయనకు రెగ్యులర్ బెయిలు లభించింది.

అభియోగాల నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే ఆ నెలంతా ప్రజల ముందు జరిగిన వాదన దేని చుట్టూ తిరిగిందో గమనించదగినది. బందోబస్తు కోరుతూ రాసిన లేఖ ఏది? దానికి పోలీసులు ఏమని బదులిచ్చారు? ఏ నిమిషంలో ఎవరు ఎక్కడున్నారు? ఏ కెమెరాలో ఏ దృశ్యం నమోదయింది? నగర పోలీసులు దృశ్యాలను సమయాలతో సహా మీడియాకు చూపారు. ఎదుటి పక్షాలు తమ వద్దనున్న లేఖలు, వాదనలు బయటపెట్టాయి. పేరు, ధనం, పలుకుబడి ఉన్నవారి కేసు గనుక రెండు వైపుల ఆధారాలూ రోజుల వ్యవధిలోనే వెలుగు చూశాయి.

నారాయణగూడలో టీ దుకాణం నడిపే వ్యక్తిపైనో, కాచిగూడ రైల్వేస్టేషన్ వద్ద ఆటో తోలే యువకుడిపైనో దొంగతనం, దాడి కేసు నమోదైతే పరిస్థితి వేరు. పోలీసుల తరఫున దర్యాప్తు అధికారి ఉంటాడు. ఆయనకు సిబ్బంది, వాహనం, ఫోరెన్సిక్ ప్రయోగశాల, కాల్ వివరాలు తెప్పించుకునే అధికారం ఉంటాయి. నిందితుడి తరఫున ఉండేది న్యాయవాది ఒక్కరే. ఆయన సైతం ఉదయం నుంచి సాయంత్రం దాకా న్యాయస్థానంలోనే గడపవలసినవాడు.

కాలమే అసలు శత్రువు

నిందితుడికి జరిగే నష్టం ఎక్కువగా తొలి నెలలోనే జరిగిపోతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం ప్రకారం జనసమ్మర్దం ఉండే సంస్థలు సీసీ కెమెరాలు అమర్చి, దృశ్యాలను 30 రోజుల పాటు నిల్వ ఉంచాలి. ఆ గడువు దాటితే పాత దృశ్యాలపై కొత్తవి చేరుతూ పోతాయి.

ఇక దర్యాప్తు వైపు చూస్తే లెక్క మరోలా ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 187వ సెక్షను ప్రకారం నిందితుడు జైలులో ఉంటే, నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లోగా దర్యాప్తు ముగించాలి. లేకుంటే అతడికి బెయిలు హక్కు వస్తుంది. సాక్షుల వాంగ్మూలాలు, ఇతర పత్రాల నకళ్లు 230వ సెక్షను కింద నిందితుడి చేతికి అందేది అభియోగపత్రం దాఖలైన తర్వాతే. అంటే తనపై ఉన్న ఆరోపణ పూర్తిగా ఏమిటో తెలిసేసరికి, ఆ సమయంలో తాను వేరేచోట ఉన్నానని చూపగల దుకాణం కెమెరా దృశ్యం చెరిగిపోయి నెల దాటిపోతుంది.

ఈ లెక్క పోలీసు శాఖలో పనిచేసినవారికి వేరెవరో చెప్పనక్కర్లేదు. అరెస్టయిన మరునాడే ఏ వీధిలో ఏ కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో, దాని యజమాని ఎవరో, మెట్రో స్మార్ట్‌కార్డు ప్రయాణ వివరం ఎవరి వద్ద ఉంటుందో వారు ఊహించగలరు. ఆ దృశ్యాన్ని బలవంతంగా తీసుకునే అధికారం వారికి ఇప్పుడు లేదు. కానీ ఫలానా చోట ఫలానా గంటల దృశ్యం ఉందని గుర్తించి న్యాయవాదికి చెబితే, దానిని భద్రపరచాలని ఆయన రాతపూర్వకంగా కోరవచ్చు, న్యాయస్థానాన్నీ ఆశ్రయించవచ్చు. పత్రాలు, వస్తువులు తెప్పించే అధికారం 94వ సెక్షను కింద న్యాయస్థానానికి ఉంది. ఏది అడగాలో తెలియకపోతే ఆ అధికారం కాగితంపైనే మిగిలిపోతుంది.

స్టేషన్ల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ప్రతి పోలీసుస్టేషన్‌లో కెమెరాలు అమర్చి, దృశ్యాలను 18 నెలలు, అది సాధ్యం కాకుంటే కనీసం ఏడాది నిల్వ ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. అరెస్టు చూపిన తేదీకి ముందే తమవాడిని స్టేషన్‌లో ఉంచారని చెప్పే కుటుంబాలకు ఈ తీర్పు గట్టి ఆయుధం. టెలికాం సంస్థలు కాల్ వివరాలను రెండేళ్లు ఉంచాలన్న నిబంధన 2021 డిసెంబరు నుంచి ఉంది. టవరు వివరాల కోసం న్యాయస్థానాన్ని కోరేందుకు అక్కడ కొంత వ్యవధి దొరుకుతుంది.

కాగితంలో కనిపించేవి.. అనుభవానికి మాత్రమే తెలిసేవి

కేసు కట్టలో న్యాయవాది చట్టాన్ని చూస్తే, మాజీ దర్యాప్తు అధికారి ఆ కట్ట తయారైన తీరును చూస్తాడు. ప్రథమ సమాచార నివేదిక నమోదైన వేళకూ, అది మేజిస్ట్రేటుకు చేరిన వేళకూ మధ్య ఎడం ఎందుకు వచ్చింది? జనరల్ డైరీలో సిబ్బంది బయలుదేరిన సమయం, పంచనామాలోని సమయంతో సరిపోతోందా? పంచనామాపై సంతకం చేసిన మధ్యవర్తులు ఆ వీధివారేనా, లేక ప్రతి కేసులోనూ కనిపించే పాత పేర్లేనా? గుర్తింపు పెరేడ్‌కు ముందే నిందితుడి ఫొటో పత్రికల్లో వచ్చిందా? స్వాధీనం చేసుకున్న వస్తువుకు ఏ రోజు సీలు వేశారు, రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు ఏ రోజు చేరింది, మధ్య రోజుల్లో అది ఎవరి వద్ద ఉంది?

కొత్త చట్టాలు ఈ ప్రశ్నలకు పదును పెంచాయి. సోదా, స్వాధీన ప్రక్రియను ఆడియో, వీడియోలో నమోదు చేయాలని 105వ సెక్షను చెబుతోంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలాన్ని సందర్శించాలని 176వ సెక్షను నిర్దేశిస్తోంది. వీడియో ఉండవలసిన చోట లేకపోతే దానిని ప్రశ్నించాలి. ఉంటే అందులో ఏముందో మొదటి నుంచి చివరి దాకా చూడాలి. సోదా స్వయంగా చేసిన వ్యక్తికి అందులోని అసహజత ఇట్టే తెలిసిపోతుంది. డిజిటల్ ఆధారాన్ని నకలు తీసే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జులైలో స్పష్టం చేసింది. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ఆ ధ్రువపత్రాన్ని రెండు భాగాలుగా విభజించి, నిపుణుడి ధ్రువీకరణను కూడా కోరుతోంది. సెల్‌ఫోన్‌తో తెరను చిత్రీకరించి తెచ్చిన దృశ్యం విచారణలో నిలవడం కష్టం.

సాక్షిని కలిసేది ఎవరు?

న్యాయవాదే స్వయంగా వెళ్లి సాక్షులను కలవవచ్చు కదా అన్న సందేహం సహజం. ఇక్కడ ఒక చిక్కుంది. తాను సాక్షి కావలసి వస్తుందని భావించే కేసులో న్యాయవాది వకాల్తా పుచ్చుకోరాదని బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. బయట ఒక మాట చెప్పిన సాక్షి బోనులో మరో మాట చెబితే, మొదటి మాట విన్నది న్యాయవాది ఒక్కరే అయినప్పుడు దానిని రుజువు చేసే దారి మూసుకుపోతుంది. అదే మాటను ఒక పరిశోధకుడు విని, తేదీ వేసి రాసుకుని ఉంటే, అతడు బోనెక్కి చెప్పగలడు. బోనెక్కడం, ఎదురు ప్రశ్నలకు తొణకకుండా జవాబివ్వడం మాజీ పోలీసు అధికారికి కొత్త కాదు.

మరో ఉపయోగం కూడా ఉంది. ప్రాసిక్యూషన్ కేసు బలంగా ఉన్నప్పుడు ఆ మాటను నిందితుడికీ, అతడి కుటుంబానికీ నిర్మొహమాటంగా చెప్పగలిగేది దర్యాప్తు తెలిసిన వ్యక్తే. లేని ఆశలతో ఇల్లు, నగలు అమ్ముకునే దుస్థితిని అది తప్పించగలదు.

విజయవాడ కేసు.. ఎనిమిదేళ్ల మూల్యం

దర్యాప్తు దారి తప్పితే ఏం జరుగుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్‌లో బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా న్యాయస్థానం అతడికి శిక్ష విధించింది. అతడు అసలు దోషి కాదని మృతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతడిని నిర్దోషిగా ప్రకటించి, దర్యాప్తు తీరును తప్పుబట్టి, లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి ఆ యువకుడి జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైలులో కరిగిపోయాయి. 2018 నవంబరులో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. 2019 డిసెంబరులో మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ శవపరీక్ష చేయవలసి వచ్చింది.

హైదరాబాద్‌లోనూ 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పలువురు యువకులను అదుపులోకి తీసుకున్నారు. తర్వాత వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 2011లో ప్రభుత్వం వారికి పరిహారం ప్రకటించగా, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఇటువంటి కేసుల్లో నష్టపోయేది నిందితుడు ఒక్కడే కాదు. తప్పుడు మనిషి జైలులో ఉన్నన్నాళ్లూ అసలు దోషి వెలుపలే ఉంటాడు. బాధిత కుటుంబానికి న్యాయం అందదు. తొలి నెలల్లోనే ఎదుటి పక్షాన ఒక అనుభవజ్ఞుడు ఘటనా స్థలానికి వెళ్లి, సాక్షులను కలిసి, పోలీసుల కథనాన్ని పరీక్షకు పెట్టి ఉంటే ఏమై ఉండేదన్నది ఊహే. కానీ అటువంటి పరీక్ష జరగవలసింది పదేళ్ల తర్వాత అప్పీలులో కాదన్నది మాత్రం ఊహ కాదు.

పోలీసు వ్యవస్థకు వెలుపల నిజాన్వేషణ చేయడం ఈ నేలకు కొత్త కూడా కాదు. అత్యవసర పరిస్థితి ముగిశాక 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌కౌంటర్లపై తార్కుండే కమిటీ విచారణ జరిపింది. హైదరాబాద్‌కు చెందిన న్యాయవాది కె.జి.కన్నబిరాన్ అందులో కీలకపాత్ర వహించారు.

పొరపాటు ఒప్పుకున్న డిటెక్టివ్

అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో పేద నిందితులకు న్యాయవాదిని సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతని తీర్పు చెప్పింది. కేసుపై సహేతుకమైన పరిశోధన జరపడం డిఫెన్స్ న్యాయవాది విధి అని 1984లో స్ట్రిక్‌లాండ్ కేసులో పేర్కొంది. అక్కడి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయాల్లో జీతంపై పనిచేసే పరిశోధకులుంటారు. వారిలో మాజీ పోలీసులూ ఉన్నారు.

వాషింగ్టన్ నగర పోలీసు శాఖలో హత్య కేసుల డిటెక్టివ్‌గా పనిచేసిన జేమ్స్ ట్రైనమ్ ఉదంతం ఈ సందర్భంగా చెప్పుకోదగినది. 1994లో ఒక హత్య కేసులో ఆయన ఒక మహిళ చేత నేరాన్ని ఒప్పించారు. తీరా నిరాశ్రయుల వసతిగృహం రికార్డులు చూస్తే హత్య వేళ ఆమె అక్కడే ఉన్నట్లు తేలి కేసు వీగిపోయింది. ఏళ్ల తర్వాత ఆ విచారణ వీడియోను తిరిగి చూసినప్పుడు, తమకు తెలియకుండానే కేసు వివరాలను తామే ఆమెకు అందించామని ఆయన గ్రహించారు. తర్వాతి కాలంలో తప్పుడు ఒప్పుకోళ్లపై నిపుణుడిగా మారి పుస్తకం రాశారు. పోలీసు అనుభవం డిఫెన్స్‌కు ఎందుకు విలువైనదో ఈ ఒక్క ఉదంతమే చెబుతుంది. పొరపాటు ఎక్కడ పుడుతుందో ఆ పని చేసినవారికే బాగా తెలుసు.

గీత దాటితే ముప్పే

నాణేనికి రెండో వైపూ ఉంది. విశ్రాంత అధికారి అనగానే ‘పాత పరిచయాలతో పని చేయించే మనిషి’ అని భావించేవారు తక్కువేమీ కాదు. స్టేషన్‌లో మాట సాయం, రాజీ బేరాలు, సాక్షులకు నచ్చజెప్పడం వంటివి పరిశోధన కావు, నేరాలు. అబద్ధపు సాక్ష్యం చెప్పాలని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షను కింద, ఆధారాలు మాయం చేయడం 238వ సెక్షను కింద శిక్షార్హం. కాల్ వివరాలను దొడ్డిదారిన కొనడమూ అంతే. ఆ ఆరోపణపైనే 2018లో మహారాష్ట్రలోని ఠాణేలో ప్రైవేటు డిటెక్టివులు అరెస్టయ్యారు. తాను సర్వీసులో ఉండగా చూసిన కేసులో ఎదుటి పక్షాన పనిచేయడం ఎంతమాత్రం తగదు. ఏళ్ల తరబడి నిందితుడిని అనుమానపు కళ్లతో చూసిన అలవాటునూ విడిచిపెట్టాలి. అది అందరికీ సాధ్యం కాదు.

చట్టపరమైన లోటు మరొకటి. ప్రైవేటు భద్రతా సంస్థలకు 2005 నాటి చట్టం ఉంది. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు మాత్రం చట్టం కాలేదు. కనుక ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఎవరికీ జవాబుదారీ లేదు. ఈ స్థితిలో నిందితుడి కుటుంబం నేరుగా డిటెక్టివును పెట్టుకోవడం కన్నా, న్యాయవాదే తన ఉద్యోగిగా పరిశోధకుడిని నియమించుకోవడం మేలు. న్యాయవాదికి కక్షిదారు చెప్పిన మాటలకు సాక్ష్య అధినియమం 132వ సెక్షను ఇచ్చే గోప్యత రక్షణ ఆయన గుమాస్తాలు, ఉద్యోగులకూ వర్తిస్తుంది. బయటి డిటెక్టివుకు ఆ రక్షణ ఉంటుందన్న భరోసా లేదు.

పేదవాడికి దక్కేదెలా?

దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలేనని 2022 నాటి జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక తెలిపింది. డబ్బున్నవారు పరిశోధకుడిని ఎలాగూ సమకూర్చుకుంటారు. లేనివారి సంగతే ప్రశ్న. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో పూర్తికాలపు డిఫెన్స్ న్యాయవాదుల వ్యవస్థను ప్రవేశపెట్టింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ న్యాయవాదులు, కార్యాలయ సిబ్బంది అందులో ఉన్నారు. పరిశోధకుడి పదవి మాత్రం లేదు. జిల్లాకు ఒకరిద్దరు విశ్రాంత అధికారులను గౌరవ వేతనంపై నియమించి, ప్రవర్తనా నియమావళి రూపొందిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. దర్యాప్తు లోపాల వల్ల కేసులు వీగిపోతే బాధ్యులైన అధికారులను గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. ఎదుటి పక్షం నుంచి గట్టి పరీక్ష ఉందని తెలిస్తే, దర్యాప్తు తొలిరోజు నుంచే జాగ్రత్తగా సాగుతుంది. ఆ విధంగా ఇది పోలీసు శాఖకూ మేలే.

ఈలోగా కుటుంబాలు చేయగలిగింది కొంత ఉంది. అరెస్టు సమయాన్ని, చూసినవారి పేర్లను వెంటనే రాసిపెట్టుకోవాలి. ప్రయాణ టికెట్లు, చెల్లింపు రసీదులు పారేయకూడదు. దారిలోని కెమెరాల వివరాలు తొలి వారంలోనే న్యాయవాదికి చెప్పాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవాధికార సంస్థ సహాయ కేంద్రం 15100కు ఫోన్ చేయవచ్చు.

ఎవరు ఎప్పుడు బోనుకు ఏ వైపున నిలుస్తారో చెప్పలేం. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో విశ్రాంత పోలీసు అధికారులే నిందితులయ్యారు. నిష్పాక్షిక పరీక్షకు నిలిచే దర్యాప్తు కావాలని కోరుకునే హక్కు వారికీ ఉంది, నారాయణగూడ టీ దుకాణదారుకూ ఉంది. అశోక్‌నగర్‌లో నేడు ఖాకీ కోసం శ్రమిస్తున్న యువకులు పదవీ విరమణ చేసే నాటికైనా, ఆ అనుభవం న్యాయస్థానంలో రెండు పక్షాలకూ అందుబాటులోకి రావాలి.